నోరు తిరగని ప్రోగ్రాము

మదనపల్లె,
14 జూన్ 2003.

పాపా ఎవాంజెలిన్,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా మీ వదినే ఎత్తుతుంది. నేను పక్కన నిలబడి రిసీవరుకు చెవి ఆనించి వింటాను. అన్న ఎట్లా ఉన్నాడని నువ్వు అడుగుతావు, బాగున్నాడని ఆమె అంటుంది. నా సంగతి అంతటితో అయిపోతుంది. ఇకమీదట నాతో మాట్లాడాలంటే ఉత్తరాలే దారి. కుప్పం నుంచి ఇక్కడికి ఎన్నాళ్ళకు చేరినా సరే, రాస్తూ ఉండు.

వేలూరు ఆస్పత్రిలో చెప్పినట్టే ఆపరేషను గాయం మానింది. గొంతు కింద రంధ్రానికి పలచటి గుడ్డ కట్టుకుంటున్నాను. ఊపిరి అక్కడినుంచే. స్వరపేటిక తీసేశారు కాబట్టి గాలి మింగి మాట్లాడటం నేర్పించారు, నాకు పట్టుబడలేదు. మెడకు ఆనించుకుని మాట్లాడే మిషను ఒకటి ఇచ్చి చూశారు. గరగరమంటుంది. బస్టాండులో ఒకసారి మైకు ముందు దాంతో ప్రయత్నిస్తే, మైకు పాడైందనుకుని కరెంటు పనివాణ్ణి పిలిచారు.

నిన్న మా మేనేజరు మునిరాజు గారు గదికి పిలిచారు. మంచి మనిషే. "ప్రసాదరావ్, ఇన్నేండ్లు నీ గొంతు ఇని జనాలు బస్సులెక్కినారు. నిన్ను పంపేయాలని నాకేం లేదప్పా. ఎంక్వైరీ రూముకు కంప్యూటరు వస్తాండాది. నువ్వు టైపు కొడితే అది పలికేటట్లుంటే సెప్పు, దసరా దాకా సూస్తా. అది కాకుంటే గొంతుతో పని లేని చోటికి ఏసేయాల్సిందే, ఇంకో దావ లేదు" అన్నారు.

ప్రస్తుతానికి గోవిందప్ప అనే కండక్టరు మైకులో చెబుతున్నాడు. నేను అతని పక్కన కూర్చుని బస్సుల పేర్లు చీటీల మీద రాసి అందిస్తున్నాను.

నువ్వు కాలేజీ ల్యాబులో రోజంతా కంప్యూటర్ల మధ్యే ఉంటావు. టైపు చేసిన తెలుగును పైకి చదివే ప్రోగ్రాము ఏదైనా ఉంటుందా? మైకు గదిలోంచి లేచిపోవడం నాకిష్టం లేదు పాపా.

మీ అన్న,
ప్రసాదరావు


కుప్పం,
6 జూలై 2003.

అన్నా,

ఉంది!

ఇంగ్లీషును పైకి చదివే ప్రోగ్రాము ఒకటి నెట్‌లో దొరికింది. కొనేది కాదు. రాసినవాళ్ళు దాని లోపలి రాతంతా బయట పెట్టేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. దానికి తెలుగు గొంతు తగిలించినవాళ్ళు కూడా ఉన్నారు. ఎక్కడో ముగ్గురు విద్యార్థులు నాలుగైదేళ్ళ కింద కాలేజీ ప్రాజెక్టుగా చేశారు.

అయితే అది తయారైన వస్తువు కాదు. విడివిడి ఫైళ్ళుగా వస్తుంది. ఏ ఫైలును ముందు కలపాలి, దేన్ని దేనికి జత చేయాలి అని కంప్యూటరుకు వరుసగా చెప్పే రాత ఒకటి దాంతోపాటే ఉంటుంది. బిల్డ్ స్క్రిప్టు అంటారు. దాన్ని నడిపిస్తే చివరికి ప్రోగ్రాము తయారై రావాలి. నడిపించాను. తెరనిండా అక్షరాలు గబగబా పైకి పరుగెత్తాయి. టీ తాగి వచ్చేసరికి ఆగిపోయి ఉంది. ఆఖరి వరసలో ఎర్రర్ అని.

కారణం దొరికింది. రాతను ప్రోగ్రాముగా మార్చే కంపైలరు అని ఒకటుంటుంది. వాళ్ళు రాసినప్పటిది పాతది, మా ల్యాబులోది కొత్తది. పాతది చూసీచూడనట్టు వదిలేసినవాటిని కొత్తది ఒప్పుకోవడం లేదు. ఒక్కొక్కటే దిద్దుతున్నాను. ఒకటి దిద్ది మళ్ళీ నడిపిస్తే ఇంకాస్త ముందుకు వెళ్ళి ఆగుతుంది. ముందుకు వెళ్తోంది కదా, అది చాలు. మా హెడ్డు రెడ్డెప్ప సార్ వెనక నిలబడి చూసి "ఏంది తల్లీ, పొద్దస్తమానం అదే తెర చూస్తాండావు?" అన్నారు. నీ సంగతి చెప్పాను. "క్లాసులైనాక ఎంతసేపైనా చేసుకో" అన్నారు.

దసరాలోపు నీ బస్టాండులో అది మాట్లాడుతుంది. వదినకు చెప్పు.

నీ చెల్లెలు,
ఎవాంజెలిన్


మదనపల్లె,
2 ఆగస్టు 2003.

పాపా,

నీ ఉత్తరం మీ వదిన దయామణి చేతికిచ్చాను. ఆమె పైకి చదివింది, నేను విన్నాను. "దసరాలోపు" అన్నచోట ఆగి మళ్ళీ చదివింది.

బిల్డ్ స్క్రిప్టు నాకు బాగానే అర్థమైంది. మా డ్యూటీ చార్టు లాంటిదే. తిరుపతి బస్సు వేళకు రాకపోతే దాని డ్రైవరు తర్వాత ఎక్కాల్సిన వాయల్పాడు బస్సు కదలదు. అది కదలకపోతే దాని వెనక ఇంకొకటి. తప్పు ఎక్కడో జరుగుతుంది, జనం మాత్రం నా కిటికీ దగ్గరికొచ్చి అరుస్తారు.

గోవిందప్ప చదవడం వింటే నీకు నవ్వొస్తుంది. చౌడేపల్లె, పుంగనూరు, పలమనేరు మూడింటినీ ఒకే ఊపిరిలో మింగేస్తాడు. జనం కిటికీలోకి వంగి "ఏం సెప్తాండాడో తెల్దు, ఆ బస్సు యాడికి పోతాదప్పా?" అని నన్ను అడుగుతారు. నేను వేలు చూపిస్తాను. నిన్న మైకు ఆపేసి నాతో అన్నాడు: "అన్నా, నీ మిషను దెబ్బన తెప్పియ్యి. దీని ముందర కూసుంటే నాకు సెమటలు పడతాండాయి. బస్సులో ఎంతమందినైనా కసురుకుంటా గానీ, ఈ ఇనప గొట్టంతో నావల్ల కాదు."

నేను టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. పక్క మిషన్ల మీద అందరూ ఇంటర్ పిల్లలే. నన్ను చూసి మొదట్లో నవ్వారు, ఇప్పుడు కాగితం ఎక్కించి ఇస్తున్నారు.

ఆ ప్రోగ్రాముది ఆడగొంతా, మగగొంతా? ఏదైనా ఫర్వాలేదు, ఊరికే అడిగాను. వాల్మీకిపురం అని టైపు చేస్తే వాల్మీకిపురం అనే అంటుంది కదా? మా జనానికి వాయల్పాడు అంటేనే తెలుస్తుంది. రెండూ చెప్పించాలి.

ప్రసాదరావు


కుప్పం,
10 సెప్టెంబరు 2003.

అన్నా,

కంపైలరుతో తగువు తీరిపోయింది. తర్వాత ఇంకోచోట ఆగింది. చూస్తే, ఆ విద్యార్థులు స్క్రిప్టులో తమ సొంత కంప్యూటరులోని ఫోల్డరు పేరు రాసి పెట్టుకున్నారు. అది ప్రపంచంలో ఇంకే కంప్యూటరులోనూ ఉండదు. "మా ఇంట్లో కుడిపక్క గదిలో చూడు" అని ఊరు తెలియనివాడికి చెప్పినట్టు. నాలుగైదు చోట్ల అట్లాగే ఉంటే వెతికి మార్చాను.

ఇప్పుడు అసలు గొంతు దగ్గరికి వచ్చాను. మనిషి పలికిన శబ్దాలన్నీ ఉండే ఫైలు అది. చాలా పెద్దది కాబట్టి విడిగా వాళ్ళ కాలేజీ కంప్యూటరులో ఉంచారు. స్క్రిప్టు తనే వెళ్ళి తెచ్చుకోవాలి. అక్కడ ఆగింది. వాళ్ళకు మెయిల్ పెట్టాను. వస్తుంది. అదొక్కటే మిగిలింది.

మునిరాజు గారిని ఇంకొంచెం ఆగమని అడుగు. దిగులు పడొద్దు. వదినను కూడా పడనివ్వొద్దు. ల్యాబుకు వేళయింది, ఉంటాను.

ఎవాంజెలిన్


మదనపల్లె,
9 నవంబరు 2003.

పాపా,

దసరా వెళ్ళింది, దీపావళీ వెళ్ళింది. మునిరాజు గారిని అడిగాను. కొత్త సంవత్సరం దాకా చూద్దామన్నారు. నువ్వు తొందరపడి కళ్ళు పాడుచేసుకోకు. ఆ ఫైలు వచ్చినప్పుడే వస్తుంది.

వదిన కులాసా. ఆస్పత్రిలో డ్యూటీలు ఎక్కువగా ఉన్నాయి. నా టైపింగ్ బాగా కుదిరింది. క్రిస్మస్‌కు వస్తావు కదా?

ఇంక రాయడానికేమీ లేదు.

ప్రసాదరావు


కుప్పం,
18 జనవరి 2004.

అన్నా,

మంచి మాట ముందు చెబుతాను. అది పలికింది.

ఇప్పుడు రెండోది. సెప్టెంబరులో "వస్తుంది" అని నీకు రాసేనాటికే ఆ గొంతు ఫైలు రాదని నాకు తెలుసు. ముగ్గురిలో ఇద్దరికి పెట్టిన మెయిళ్ళు తిరిగొచ్చేశాయి. మూడో అతను జవాబిచ్చాడు. అది చదువుకునే రోజుల పని, ఆ కంప్యూటరు డిస్కు చెడిపోయింది, కాపీ ఎవరి దగ్గరా లేదు, సారీ అని. దసరా ముందర ఆ మాట నీకెట్లా రాసేది?

అందుకని నా గొంతే ఇచ్చాను. వాళ్ళు చదివించిన వాక్యాలు ప్రోగ్రాముతోపాటే ఉన్నాయి. ల్యాబు వెనక స్టోరు గదిలో తలుపులు మూసుకుని, పాత మానిటర్ల మధ్య కూర్చుని, సెలవులన్నీ అవే చదివాను. క్రిస్మస్‌కు రాలేదని వదినకు కోపం వచ్చిందని తెలుసు, కారణం ఇదే. బయట రైలు కూత వేస్తే ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి.

చదివినదాన్ని ముక్కలుగా కోసి గొంతు తయారు చేయడానికి ఇంకొక స్క్రిప్టు. అది ఏదో ఒక వాక్యం దగ్గర ఆగేది. ఎందుకో చెప్పదు. ఆ వాక్యాన్ని తీసేస్తే ముందుకు పోయి ఇంకోదాని దగ్గర ఆగేది. కారణం వెతికే ఓపిక అయిపోయింది అన్నా, తీసేస్తూ పోయాను. చివరికి సగం కూడా మిగల్లేదు. అప్పుడు పూర్తయిందని చూపించింది.

"పుంగనూరు మీదుగా పలమనేరు వెళ్ళు బస్సు" అని టైపు చేశాను. పలికింది. కానీ చించిన కాగితాన్ని అంటించినట్టుంది. రెడ్డెప్ప సార్‌ను పిలిచి వినిపించాను. చెయ్యి చెవి వెనక పెట్టుకుని విని, "బస్సు అనేది తెలస్తాండాది. ఏ ఊరమ్మా అది?" అన్నారు.

ఇంకొకటి. ఇది ఈ ఒక్క కంప్యూటరులోనే నడుస్తోంది. పక్కదాంట్లో ఎక్కించబోతే ఆగిపోయింది. అందుకే కొన్ని బస్సుల పేర్లు పలికించి, సీడీలో పెట్టి దీంతో పంపుతున్నాను. మునిరాజు గారికి వినిపించి కొంచెం గడువు అడుగు.

నీ పోయిన ఉత్తరం పైన మదనపల్లె అని ఉంది. కవరు మీద పోస్టు ముద్ర పుంగనూరుది. ఎందుకు?

ఎవాంజెలిన్


పుంగనూరు,
8 ఫిబ్రవరి 2004.

పాపా,

ఈసారి ఊరి పేరు సరిగానే రాశాను. దసరా తర్వాత నుంచి నేను పుంగనూరు బస్టాండులో పార్సిల్ కౌంటరులో ఉన్నాను. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు ఇంటికి పోతాను. మదనపల్లె మైకు గదిలో టేపు పెట్టేశారు. చిత్తూరులో ఎవరో అమ్మాయి చదివి పంపిన క్యాసెట్టు. స్పష్టంగా ఉంది. గోవిందప్ప సంతోషంగా బస్సెక్కాడు. మునిరాజు గారి తప్పేమీ లేదు, చెప్పిన గడువు దాకా ఆగారు.

నీకు రాయలేదు. అంత దూరాన ఒక్కదానివే దాంతో కుస్తీ పడుతున్నదానికి, ఇక అక్కర్లేదని ఎట్లా రాసేది? పైగా నీ ఉత్తరం వస్తే, ఈసారి ఎక్కడ ఆగిందో అని విప్పేవాణ్ణి. అదొక్కటే నాకు మిగిలిన ఆశ. అందుకని కూడా రాయలేదు.

ఇక్కడి పనికి గొంతు అక్కర్లేదు. మూటలు, విత్తనాల పెట్టెలు, కోళ్ళ మందులు, మోటారు విడిభాగాలు. దింపుకోవాలి, సంతకం తీసుకోవాలి, ఇచ్చేయాలి. మొన్న ఒక ముసలామె కౌంటరు దగ్గరికొచ్చి "చౌడేపల్లె బస్సు యాడ నిలబడతాది నాయనా?" అని అడిగింది. చేత్తో చూపించాను. "నోరు తెరిసి సెప్పరాదా?" అంది. గుడ్డ తొలగించి మెడ చూపించాను. "అయ్యో సామీ" అని, నా చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచింది: "చౌడేపల్లె బస్సూ! యాడా?" బస్టాండంతా మా వైపు తిరిగి చూసింది. మాట రానివాడికి చెవులు కూడా వినపడవనుకుంటారు పాపా. కొందరు అరుస్తారు, కొందరు సైగలు చేస్తారు.

సీడీ అందింది. బస్టాండు ఎదురుగా సాయికుమార్ అనే ఆయన నెట్ సెంటరు నడుపుతున్నాడు. దయామణిని సెలవు రోజున ఇక్కడికి పిలుచుకొచ్చి ఇద్దరం అక్కడ విన్నాం. మొదటి మాట పలకగానే ఆమె "ఇది మా పాప గొంతప్పా! మా ఆడబిడ్డది!" అని సాయికుమార్‌తో అంది. అతను "బాగా అర్థమైతాండాదక్కా" అన్నాడు. మా కోసం అన్న మాట అది, నాకు తెలుసు. తర్వాత ఆమె నా వైపు తిరిగింది. చెవి మీద వేలు పెట్టి, వినబడిందా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఇంట్లో ఆమె నాతో మాట్లాడటం మానేసింది. కోపం కాదు. అన్నం వేళకు కంచం చూపిస్తుంది. తలుపు వేయమని చేత్తో చెబుతుంది. నేను పలక మీద రాస్తాను, ఆమె తల ఊపుతుంది. ఒకప్పుడు డ్యూటీ నుంచి వచ్చి చీర మార్చుకుంటూ ఆస్పత్రి సంగతులన్నీ చెప్పేది. ఎవరికి కాన్పు కష్టమైంది, ఏ డాక్టరమ్మ ఎవరి మీద అరిచింది. నాకు విసుగొచ్చి కాసేపు ఆగమనేవాణ్ణి. ఇప్పుడు గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. "నోటితో మాట్లాడు" అని పలక మీద రాసి చూపించాను. చదివి, తల ఊపింది.

రాత ఆమెకు చేరడం లేదు. చెవిన పడాలి. బస్సుల సంగతి వదిలేయ్. ఈ ఒక్క మాట పలికించి పంపు: "దయామణీ, నాకు చెవులు బాగానే వినపడతాయి. సైగలు వద్దు. నోటితో మాట్లాడు."

ఇంకేమీ అడగను.

అన్న


కుప్పం,
21 మార్చి 2004.

అన్నా,

నువ్వడిగిన మాట ఉత్తరం అందిన రోజే టైపు చేశాను. "దయామ" అని ఆగిపోయింది.

ఏ అక్షరాన్ని ఏ శబ్దంగా పలకాలో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. అందులో ణ లేదు. ఆ విద్యార్థులు మర్చిపోయారో, తర్వాత చేర్చుదామనుకున్నారో. స్క్రిప్టు ఆగిన ప్రతిచోటా నేను వాక్యాలు తీసేశానే, తిరగేసి చూస్తే వాటిలో చాలామటుకు ణ ఉన్నవే. అది ఆగి ఆగి చెబుతూనే ఉంది, నేను వినిపించుకోలేదు. ణ చేర్చి, తీసేసినవన్నీ తిరిగి పెట్టి మొదటినుంచి నడిపించాను. శబ్దాల లెక్క కుదరడం లేదని ఆగింది. లెక్క సరిచేస్తే ఇంకోచోట. ఈ నెలంతా అదే పని.

ణ బదులు న పెట్టి చూశాను. దయామని అంది. పేరు తీసేసి మిగతాది పలికించాను. అది వచ్చింది, చిన్న మాటలు కాబట్టి తేటగానే వచ్చింది. "సైగలు వద్దు. నోటితో మాట్లాడు." విని నేనే ఉలిక్కిపడ్డాను. పలమనేరు బస్సు రెండో ప్లాట్‌ఫారమ్ మీద ఉందని చెప్పినట్టుంది. పైగా ఆ గొంతు నాది. ఆడబిడ్డ వదినను కసిరినట్టుంది. మాట నీది, గొంతు నాది, ఆ విసురు మనిద్దరిదీ కాదు. వదిన చెవిలో దాన్ని వేయలేను. పంపడం లేదు అన్నా.

పోయిన వారం పరీక్షల కోసం ల్యాబు కంప్యూటర్లన్నీ తుడిచేసి కొత్త సిస్టమ్ ఎక్కించారు. రెడ్డెప్ప సార్ ముందే చెప్పారు, కాపీ తీసి పెట్టుకున్నాను. కొత్తదాంట్లో నడిపిస్తే మొట్టమొదటి ఫైలు దగ్గరే ఆగింది. నిరుడు జూలైలో ఆగిన చోటు కంటే వెనక. సార్ పక్కనే ఉన్నారు. "ఇంక చాలు తల్లీ, ఇంటికి పో" అన్నారు.

నెట్‌లో ఆ ప్రాజెక్టు పేజీలో ఏది ఎక్కడ ఆగుతుందో, నేను ఏమేం దిద్దానో అంతా రాసి పెట్టాను. నాకంటే ముందే ఇంకెవరో ఇదెందుకు ఆగుతోందని అక్కడ అడిగి ఉన్నారు. రెండేళ్ళయింది. జవాబు లేదు.

ఇక నావల్ల కాదు. నీతో కూడా ఈ మాట అనకపోతే ఇంకెవరితో అనను?

ఎవా


పుంగనూరు,
4 ఏప్రిల్ 2004.

పాపా,

పంపకపోవడమే మంచిదైంది. బాధపడకు అని రాయబోయి కొట్టేశాను. నువ్వు పడతావు, నేనూ పడతాను.

పోయిన ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. ఆమె బియ్యం ఏరుతోంది, నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. పక్కింటి ఆదిలక్ష్మమ్మ వాకిట్లోకి వచ్చి, "ఇదేంది, తలుపు తెరిసిపెట్టి యాడికో పోయినట్లుండారే ఈళ్ళు, సడీసప్పుడూ లేదు" అని తనలో తాను అనుకుని, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. దయామణి తలెత్తి నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. ఆమె పెదవులు కదిలాయి. ఏదో అంటుందనుకున్నాను. మళ్ళీ చేట మీదికి వంగింది. నేనే లేచి తలుపు తీశాను.

మేమిద్దరం ఇట్లాగే ఉంటామేమో. నాకు ఇంకో దారి తోచడం లేదు.

నీకు వేసవి సెలవులు ఇవ్వగానే రా. ఆ కంప్యూటరు సంగతులేవీ తేవద్దు. నా దగ్గర పలక పట్టుకుని కూర్చోవద్దు. వంటింట్లో వదిన పక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడు, ఆమెను మాట్లాడించు. ఊళ్ళో వాళ్ళ మీద చాడీలైనా సరే. నేను ఇవతల గదిలో ఉంటాను. వింటాను.

అన్న